గవర్నర్ గారి తాటిచెట్టు

ఈ దేశంలో ఎవరినైనా ఇంకా పెద్ద కుర్చీలో కూర్చోబెట్టాలంటే ముందుగా వారి హయాంలో ఏదో ఒకటి సున్నాకు దిగి ఉండాలి. ఆకలీ అవినీతీ దిగడానికి మొండికేస్తాయి. అందుకే గవర్నర్ గారి ఘనతల పుస్తకం రాసే భూపతి సారు కుకునూరుపల్లి పక్క ఊళ్లోని గీత కార్మికుడు ఇస్తారిని పట్టుకున్నారు.

రెండేళ్ల కిందట గవర్నర్ గారు ఆ ఊరొచ్చి, చెట్టు మీద నుంచి పడకుండా ఇస్తారికి ఒక బెల్టు బహూకరించారు. ఇస్తారి నాలుగడుగులు ఎక్కాడు, గవర్నర్ గారు చెట్టును ముట్టుకున్నారు, ఫొటో అయింది. ఆనాటి నుంచి ఆ ఊళ్లో చెట్టు మీద నుంచి పడినవారి సంఖ్య సున్నా. (అంతకుముందు పదేళ్లూ సున్నాయే. కానీ అప్పటికి గవర్నర్ గారు రాలేదు కనుక అది లెక్కలోకి రాదు.)

పుస్తకం నలభై రోజుల్లో ఢిల్లీ చేరాలి. అప్పటిదాకా సున్నాను కాపాడాలి. ఎవరూ ఎక్కకపోతే ఎవరూ పడరని భూపతి సారు కనిపెట్టి, ఆరోహణ నియంత్రణ ఉత్తర్వు తెచ్చారు. చెట్ల కింద హోంగార్డు వెంకటేశ్‌ను కూర్చోబెట్టారు. తప్పనిసరై ఎక్కేవారికి ఒక ఫారం కూడా ఉంది. అందులో ఎనిమిదో గడి: ‘దిగిన విధానం – స్వచ్ఛందం / ఇతరం.’

“నలభై దినాలా!” అన్నాడు ఇస్తారి. “సారూ, గెల కొస దినాం చెక్కాలె. నాలుగొద్దులు ఇడిస్తే ఎండిపోతది. మల్ల వచ్చే ఏడాది దాంక కల్లు చుక్క రాదు. నాకున్నయే గీ పన్నెండు చెట్లు.”

“దేశం కోసం ఒక్క ఏడాది ఓర్వలేవా ఇస్తారీ?”

“దేశమొచ్చి నా చెట్లు గీస్తదా సారూ?”

‘లబ్ధిదారుడు తన చెట్లను దేశంతో పంచుకోవాలని కోరాడు’ అని సారు రాసుకున్నారు.

మూడు రోజులు ఇస్తారి చెట్లకేసి చూస్తూ కూర్చున్నాడు. నాలుగోనాడు పొద్దున వెంకటేశ్ చాయ్ తాగడానికి పోగానే లేచాడు. గవర్నర్ గారి బెల్టు అప్పటికే కలెక్టరేట్‌లో ప్రదర్శన కోసం అద్దాల పెట్టెలో ఉంది. ఇస్తారి చెట్టెక్కే పాత మోకుతాడు కూడా ‘పూర్వస్థితి’ అనే చీటీతో పక్క పెట్టెలో వేలాడుతోంది. చేసేది లేక తోటి గీత కార్మికుడు బుచ్చిరాములు మోకు అడిగి తెచ్చుకున్నాడు. ఎవరి నడుముకు కట్టుకున్న మోకు వారికే కుదురుతుంది. ఆ సంగతి ఇస్తారికి తెలుసు. అయినా ఎక్కాడు.

సిద్దిపేట దవాఖానలో అతని కాలికి పట్టీ వేయకముందే భూపతి సారు వచ్చారు.

“చెట్టు మీదికెళ్లి పడ్డడని రాయున్రి సారూ,” అని భార్య ఎల్లవ్వ ఏడ్చింది. “గట్ల రాస్తేనే సర్కారు సాయమొస్తదట.”

“పడితే సున్నా పోతదమ్మా. సున్నా పోతే గవర్నర్ గారు ఇక్కడ్నే ఉండిపోతరు. దిగిండని రాద్దాం.”

“నేను దిగలే సారూ, పడ్డ!” ఇస్తారికి నొప్పి కంటే కోపం ఎక్కువైంది.

“మరి కిందికి రావడానికి ఎంతసేపు పట్టింది?”

“రెప్ప కొట్టేంతసేపు.”

ఎనిమిదో గడిలో సారు ‘స్వచ్ఛందం’ దగ్గర టిక్కు పెట్టారు. పుస్తకంలో ఇంకో వాక్యం చేర్చారు: ‘చెట్టు దిగుటకు పట్టు సమయం గణనీయంగా తగ్గినది.’

గవర్నర్ గారికి పెద్ద కుర్చీ వచ్చింది. గెలలు ఎండిపోయాయి. ఇస్తారి కాలు బెత్తెడు పొట్టిదై అతుక్కుంది. అయినా ఎల్లవ్వ సాయానికి దరఖాస్తు పెట్టింది. అది నెలకు తిరిగొచ్చింది. ‘ఈ కుటుంబంలో చెట్టెక్కేవారు ఎవరూ లేరు’ అని కారణం రాసి ఉంది.

కింద విచారణాధికారిగా హోంగార్డు వెంకటేశ్ సంతకం ఉంది. ఇంటికొచ్చి, ఇస్తారి కాలును కళ్లారా చూసిన తర్వాతే ఆ మాట నిజమని ధ్రువీకరించాడట.