మేడ మీది పటాలం

ఆదివారం పొద్దున వైకుంఠం పెట్టుకున్న పని ఒక్కటే. భార్య నాగమణమ్మ హుస్సేనీ ఆలంలో అన్నగారింటి తొట్టెల వేడుకకు వెళ్లగానే, 'టిఫిన్ డబ్బాలు' అని రాసి ఉన్న అట్టపెట్టెను మేడ మీదికి చేర్చాలి. అందులో ఉన్నవి టిఫిన్ డబ్బాలు కావు. రెండో ప్రపంచ యుద్ధం నాటి కాల్బలం, వేలెడంత ప్లాస్టిక్ సైనికులు నలభై ఎనిమిది మంది. పదకొండేళ్లుగా పోగుచేస్తున్నాడు. వీపున వైర్‌లెస్ పెట్టె మోసేవాడు ఒక్కడు దొరికితే దళం పూర్తవుతుంది. వాడిని కిషన్‌బాగ్ నుంచి, ఇదే పిచ్చి ఉన్న దోస్తు అంజన్ తెస్తానన్నాడు.

ఛత్రినాకలో వైకుంఠానిది స్టీలు సామాను దుకాణం. బోనాల కమిటీలో పెద్దమనిషి. గల్లీలో లొల్లి అయితే తీర్పు ఆయనదే. అలాంటివాడు యాభై నాలుగేళ్ల వయసులో బొమ్మలు ముందేసుకుని కూర్చుంటాడని తెలిస్తే ఇక మాట ఎవరు వింటారు? అందుకే ఆ సంగతి నాగమణమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమెకూ ఆ బొమ్మలంటే గిట్టదు.

పెట్టెలో ఒత్తుకుపోయి కొందరు వంగిపోయారు. మెత్తటి ప్లాస్టిక్ గనక వేడినీళ్లలో ముంచి తీస్తే సర్దుకుంటారు. వైకుంఠం మేడ తలుపుకు గడియ పెట్టి, స్టవ్వు వెలిగించి, అంజన్‌కు ఫోన్ చేశాడు.

"నలభై ఎనిమిది మంది మీదనే ఉన్నరు. ఒకనికి చెయ్యి ఇరిగింది. ఆరుగురు వంగిపోయిన్రు, మసిలే నీళ్లల్ల ముంచితే గాని నిటారుగ గారు. జల్ది రా. బయట ఎవ్వరికి తెల్వొద్దు."

పాలు పోయడానికి మెట్లెక్కిన బీరయ్య తలుపు అవతల నిలబడి అంతా విన్నాడు. పాలు పోయకుండానే క్యాన్‌తో సహా దిగిపోయాడు.

బీరయ్య మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. కానివాడైతే మనకెందుకులే అని ఊరుకునేవాడు. ఈయన మొదట, విరిగిన ఎముకలకు కట్లు కట్టే బసవయ్య పైల్వాన్‌ను నూనె సీసాతో సహా బండెక్కించుకున్నాడు. తర్వాత నాగమణమ్మకు ఫోన్ చేసి ఇంట్లో చెయ్యి విరిగిందన్నాడు. ఎవరిదో చెప్పలేదు. దారిలో అడిగినవాళ్లకల్లా సేటు మేడ మీద నలభై ఎనిమిది మంది దెబ్బలు తగిలి పడి ఉన్నారని చెప్పాడు. గల్లీ సగం వెంట నడిచింది.

తలుపు దబదబా మోగేసరికి వైకుంఠం దళం మీద తువ్వాలు కప్పాడు.

"లోపల ఎంతమంది ఉన్నరు సేట్?" బీరయ్య గొంతు.

"ఎవ్వరు లేరు. పో."

"మరి నీళ్లెందుకు కాగుతున్నయ్?"

"స్నానానికి."

"మిద్దె మీదనా?"

వైకుంఠం తల పట్టుకున్నాడు. ఇంతలో ఆటో దిగిన నాగమణమ్మ ఏడుస్తూ పైకి వచ్చింది. ఇక తలుపు తీయక తప్పలేదు. ఆమె మొగుడి చేతులు రెండూ తడిమి చూసి, రెండూ బాగానే ఉన్నాయని తేలాక కోపంతో కొంగు నడుముకు చెక్కింది. బసవయ్య తువ్వాలు ఎత్తాడు.

 బీరయ్య వంగి ఒక్కొక్కరినీ లెక్కపెట్టాడు.

"నలభై ఎనిమిదే. నేను అబద్ధం చెప్పలే."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. బసవయ్య చెయ్యి విరిగినవాడిని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, వీడికి కట్టు నిలవదు, గమ్ము తెమ్మన్నాడు. ఆ మాటతో గల్లీ అంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. వైకుంఠానికి ఒళ్లు మండింది.

"నవ్వుండ్రి. మా దోస్తు వస్తుండు, బ్యాంకు మేనేజరు. గిది సదువుకున్నోళ్ల షోకని ఆయననే చెప్తడు."

అన్నట్టే అంజన్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కళ్లద్దాలు, కుడిచెయ్యి జేబులో. మెట్ల మీది జనం దారి ఇచ్చారు. అందరి కళ్లూ ఆయన మీదే. వైకుంఠం ముఖం వెలిగింది.

బీరయ్య మర్యాదగానే అడిగాడు. "సార్, మీరు గూడ గీ బొమ్మలతోని ఆడుతరా?"

అంజన్ బొమ్మలను చూశాడు, జనాన్ని చూశాడు. వైర్‌లెస్ సైనికుణ్ణి పట్టుకున్న చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

"బొమ్మలేంది? నేను కుక్కర్ కోసం వచ్చిన."

ఆ ఆదివారం వైకుంఠం దుకాణం తెరవకుండానే అయిదు లీటర్ల కుక్కర్ ఒకటి అమ్మాడు.