మూల కుండీలోది

ఆ ఆదివారం పొద్దున్నే లైబ్రేరియన్ గారు బాల్కనీలోని మూల కుండీని సంచిలో పెట్టుకుని బొటానికల్ గార్డెన్‌కు బయల్దేరారు. కుండీలన్నిటికీ నీళ్లు పొయ్యమని చెప్పి భార్య వాళ్ల అక్కగారింటికి వెళ్లి పదిహేను రోజులైంది. ఆయన పోశారు. మూల కుండీలోది జానెడున్నది కాస్తా మూరెడైంది. తోటపని మీద ఏకంగా మూడు పుస్తకాలు చదివిన మనిషి కనుక, అదంతా తన చేతి చలవేనని ఆయన ఇట్టే గ్రహించారు. దాని పేరు మాత్రం ఆ మూడింటిలోనూ దొరకలేదు. దొరకలేదంటే అరుదైనదే అయ్యుండాలి. గార్డెన్‌లో ఎవరైనా తెలిసినవాళ్లకు చూపించి, పేరు కనుక్కుని రావాలని ఆయన ఆలోచన.

బస్సులో కిటికీ పక్క సీటు దానికిచ్చి, తాను నిలబడ్డారు.

గార్డెన్‌లోని అద్దాల గదిలో అడుగుదామంటే మనిషి కనబడలేదు. చెయ్యి లాగుతుంటే కుండీని ఓ బల్ల మీద, వరసగా పెట్టిన కుండీల చివర దించి, అలా చూసొద్దామని కదిలారు. తడిమట్టి వాసన, తలమీద చినుకులు రాల్చే ఫెర్న్‌లు, పళ్లెమంతేసి తామరాకులు. ఓ మొక్క ఆకులు ముట్టుకుంటే ముడుచుకుంటున్నాయి. ముట్టుకోరాదన్న బోర్డు కంటపడేలోపు ఆయన పదిసార్లు ముట్టుకున్నారు. గంట ఎలా గడిచిందో తెలియలేదు.

తిరిగొచ్చేసరికి తన కుండీలో చిన్న రేకు పలక గుచ్చి ఉంది. దానిమీద నోరు తిరగని లాటిన్ పేరు, కింద 'అరుదైన జాతి' అని. ఎవరో పెద్దాయన చూసి గుర్తుపట్టి ఉంటాడు. లైబ్రేరియన్ గారి కళ్లు చెమర్చాయి. కుండీని చంకనెత్తుకుని గేటు వైపు నడిచారు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. కబురందుకుని సూపరింటెండెంటు పరుగున వచ్చాడు. కొత్తగా వచ్చిన మొక్కలకు పొద్దుటి నుంచి పలకలు గుచ్చుతున్నది తానేనని, ఇది వాటిలోదేనని తేల్చేశాడు. ఇంట్లో పెంచుకునే మామూలు మొక్కండీ అనేస్తే గొడవ అక్కడితో పోయేది. లైబ్రేరియన్ గారికి ఆ మాట అనడానికి మనసొప్పలేదు.

"అరుదైనదేనండీ, కాదనను. కానీ నాది," అన్నారు.

"ఇలాంటివి ఇళ్లల్లో ఎక్కడివండీ? పోలీసులకి ఫోన్ చెయ్యమంటారా?"

సాక్ష్యానికి వేరే దిక్కులేక ఆయన భార్యకు ఫోన్ చేసి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టారు.

"మూల కుండీలోదా? అది కలుపు మొక్కండీ. నేను వేసింది ఎప్పుడో ఎండిపోయింది. పీకేసి వద్దామనుకుని మర్చిపోయా. ఇంతకీ దాన్ని పట్టుకుని ఎక్కడికెళ్లారు?"

వాచ్‌మన్ ఆకాశం వైపు చూశాడు. సూపరింటెండెంటు ఓ ఆకు తుంచి, నలిపి, వాసన చూశాడు. పలకను నెమ్మదిగా పీకి జేబులో వేసుకున్నాడు. ఎవరు ఎక్కువ సిగ్గుపడాలో తేలక ఆయనా, లైబ్రేరియన్ గారూ కాసేపు కుండీనే చూస్తూ నిలబడ్డారు.

"ఈ సంగతి మనలోనే ఉండనివ్వండి," అన్నాడు చివరికి సూపరింటెండెంటు. "ఆదివారాలు ఖాళీయేనా? ఇక్కడ కలుపు తీసేవాళ్లు చాలట్లేదు."

దొంగగా పట్టుబడ్డ చోటే లైబ్రేరియన్ గారు ఇప్పుడు వారం వారం కలుపు తీస్తున్నారు. పీకబోయే ప్రతి మొక్కనూ ముందు సూపరింటెండెంటుకు చూపిస్తారు. ఆయన కూడా అవునో కాదో వెంటనే చెప్పడు.