సిద్దమ్మ గుడిసెకు ఫస్ట్ ప్రైజు

సొంతిల్లు లేకపోవడం ఒక వరం! నవ్వకండి. మన పూర్వీకులు అడవిలో, గడ్డి మైదానంలో, సరస్సు గట్టున, గుహలో ఎక్కడ పడితే అక్కడ బతికారు కాబట్టే తెలివి పెరిగి మనుషులయ్యారు. అప్పుడే ఎవరైనా వాళ్లకు డబుల్ బెడ్‌రూమ్ ఇచ్చి ఉంటే? మనమింకా నాలుగు కాళ్ల మీదే ఉండేవాళ్లం!

కంగ్టి ఊరి సిద్దమ్మకు ఈ వరం నిండుగా దక్కింది. నాలుగు నెలలు కర్ణాటక చెరకు తోటల్లో గుడిసె. ఎండాకాలం హైదరాబాద్‌లో, కడుతున్న అపార్ట్‌మెంట్ ఆరో అంతస్తు. గోడలుండవు కాబట్టి గాలికి కొదవే లేదు! వానాకాలం సొంతూళ్లో, కూలిన గోడల మీద కప్పిన ప్లాస్టిక్ కవరు కింద. ఇంత వైవిధ్యం ఏ కోటీశ్వరుడికుంది?

ఈసారి చెరకు కోతలు ముగించుకుని, నారాయణఖేడ్ హాస్టల్లో ఉన్న కూతురు నర్మదను చూడటానికి బడికి వెళ్లింది. అక్కడ సైన్స్ ఫెయిర్ హడావుడి. 'ఆదిమానవుల ఆవాసాలు' తయారుచేయలేక శ్రీకాంత్ సారు చెమటలు కక్కుతున్నాడు. అట్టముక్కల గుహ కుదిరింది. టబ్బులో సరస్సూ కుదిరింది. గడ్డి గుడిసె మాత్రం మూడుసార్లు లేపితే మూడుసార్లూ కూలింది.

"గట్ల నిలవడదు సారూ, ఇటియ్యి," అంటూ సిద్దమ్మ కొంగు బిగించింది. గంటలో గుడిసె లేచింది. "మా అవ్వనే కట్టింది!" అని నర్మద బడంతా చెప్పుకొచ్చింది.

మర్నాడు తల్లీకూతుళ్లు గుడిసె పక్కనే నిలబడ్డారు. ఫెయిర్ చూడటానికి ఆఫీసర్ వచ్చి, లోపలికి తొంగిచూసి మురిసిపోయాడు. "ఆహా, ఎంత హాయిగా బతికారో! ఎన్ని లక్షల ఏళ్ల కిందటి పనితనం ఇది?"

"పోయిన నెలదే సారూ, చెరకు తోటల గిట్లాంటి దాంట్లనే ఉన్నం," అంది సిద్దమ్మ. "పండుకుంటె కాళ్లు బయటికొస్తయి. పాములు లోపటికొస్తయి."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఇంటి కోసం మూడేండ్ల కింద అర్జీ పెట్టుకున్నానని చెప్పింది.

"ఇళ్ల సర్వేకొచ్చినప్పుడు ఊళ్లో ఉండాలమ్మా," అన్నాడు ఆఫీసర్ ఓపిగ్గా. ఇంతలో మబ్బు పట్టింది. ఆయన కంగారుపడ్డాడు. "అరెరే, ఇంత అపురూపమైంది వానకు తడిస్తే ఎట్లా? వెంటనే దీనిమీద రేకుల షెడ్డు వేయించండి!" గుడిసెకు ఫస్ట్ ప్రైజు ప్రకటించి, షెడ్డు కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టాడు.

ఆయన పెన్ను జేబులో పెట్టుకునేదాకా ఆగి, సిద్దమ్మ అడిగింది:

"సారూ, మేం ఎన్ని లక్షల ఏండ్ల కింద పుట్టినమని రాస్తె మాకు గూడ రేకులొస్తయి?"