కూడలిలో కుడిచెయ్యి

ఆ సోమవారం ఉదయం స్తంభం బాబాయ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి నాలుగు రోడ్ల కూడలిలో నిలబడాలి, పదింటిదాకా కుడిచెయ్యి ఎత్తుతూ దించుతూ ఉండాలి, ఇంటికొచ్చి అన్నం తినాలి. ట్రాఫిక్ కానిస్టేబులుగా ఇరవై రెండేళ్ళు ఆయన చేసిన పని అదే. ఎండకీ వానకీ కదలకుండా నిలబడతాడని లారీ డ్రైవర్లు ఆయనకు స్తంభం అని పేరు పెట్టారు. వయసు మీద గౌరవం కొద్దీ బాబాయ్ అని చేర్చారు.

ఆ స్తంభం మూడున్నర నెలల కిందట స్నానాల గదిలో సబ్బు మీద కాలేసి కూలిపోయింది. కుడి భుజం కీలు దగ్గర ఎముక మూడు ముక్కలైంది. స్టేషన్లో మాత్రం దొంగను తరుముతూ పడ్డానని చెప్పుకున్నాడు. ఎముకల డాక్టరు లోపల ఒక రేకు పెట్టి ఎనిమిది స్క్రూలు బిగించాడు. తరువాత మూడుసార్లు చూపించుకోవడానికి వెళ్తే, మూడుసార్లూ ఆపరేషన్ నాటి ఎక్స్‌రేనే వెలుతురుకి పెట్టి, సొంత బిడ్డను చూసుకున్నట్టు మురిసిపోయాడు.

"లోపల గరగరమంటోంది సార్. ఎత్తబోతే ప్రాణం పోతోంది."

"కొత్త తలుపు కొన్నాళ్ళు కిర్రుమనదా? మీరు వ్యాయామం చెయ్యట్లేదు, అదీ సంగతి. గోడ మీద వేళ్ళు పాకించండి. చెయ్యి దానంతటదే లేస్తుంది."

అలా గోడ పాకడం మొదలైంది. రోజూ సాయంత్రం ఆయన గోడకి చెంప ఆనించి, పంటి బిగువున కళ్ళు మూసుకుని, వేళ్ళను సాలీడులా పైకి నడిపించేవాడు. ఎక్కడ ఆగితే అక్కడ భార్య పెన్సిలుతో గీత గీసేది. ఆరు వారాల్లో గీత పన్నెండు వేళ్ళ ఎత్తు పెరిగింది. నొప్పీ పెరిగింది. అయితే గోడ అబద్ధమాడదు కాబట్టి నొప్పే అబద్ధమని ఆయన తీర్మానించుకున్నాడు. గీతల లెక్క విని డాక్టరు కూడా, చొక్కా అయినా విప్పించకుండా, పనిలోకి వెళ్ళవచ్చని కాగితం రాసిచ్చాడు.

ఇన్స్పెక్టరు ఆ కాగితాన్ని తిరగేసి మరగేసి చూశాడు. "కాగితం బాగానే ఉందయ్యా. సోమవారం కూడలిలో సిగ్నల్ దీపాలు విప్పి బాగుచేస్తారు. రెండు గంటలు నెట్టుకొచ్చావా, చోటు నీదే. లేదంటే బళ్ళ దొడ్డికి పో."

బళ్ళ దొడ్డి ఊరి చివర ఉన్న రేకుల షెడ్డు. పోలీసులు పట్టుకున్న బళ్ళు అక్కడ తుప్పు పడుతూ ఉంటాయి. కాపలాకి వెళ్ళినవాళ్ళూ వాటితో పాటే తుప్పు పడతారు. అక్కడినుంచి ఇంతవరకూ ఎవరూ తిరిగి రాలేదు.

సోమవారం ఉదయం భార్య ఆయనకు చొక్కా తొడిగి బొత్తాలు పెట్టింది. చివరి బొత్తాం దగ్గర ఆగింది.

"ఇవాళ్టికి మానెయ్యకూడదటండీ?"

"పన్నెండు వేళ్ళు పెరిగాక మానడమేంటే?"

ఆవిడ ఏదో చెప్పబోయి, తల దించుకుని బొత్తాం పెట్టేసింది.

ఎనిమిది గంటల అయిదు నిమిషాలకు కూడలిలో పాల బండిని ఆపడానికి స్తంభం బాబాయ్ చెయ్యెత్తాడు. చెయ్యి నడుము దాటి, పక్కటెముకల దగ్గరికి వచ్చి, ఇక రానని మొరాయించింది. పైకి లేవని చెయ్యి మోచేతి దగ్గర వంగింది. అలా వంగిన చేతికి ట్రాఫిక్ భాషలో 'రా' అని అర్థం. పాల బండి వచ్చింది. ఎదురుగా ఉన్న నీళ్ళ ట్యాంకరు తననే పిలిచారనుకుని వచ్చింది. ఎడమవైపు నుంచి స్కూలు బస్సు కూడా పిలుపు మన్నించి వచ్చింది. మూడూ కూడలి నడిబొడ్డున ముక్కూ ముక్కూ ఆనించి నిలబడ్డాయి.

ఆయన ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుని పైకి నెట్టాడు. లోపల గరగరమంది, కళ్ళు బైర్లు కమ్మాయి, ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఎడమచేతిని కుడి చంక దగ్గర పెట్టుకుని మెలికలు తిరుగుతున్న మనిషిని చూసి స్కూలు బస్సు డ్రైవరు గుండెపోటే అనుకున్నాడు. మంచివాడు కనుక బస్సును అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"బాబాయ్, కూర్చో. మాట్లాడకు. మాట్లాడితే ఇంకా ప్రమాదం."

"నాకేం కాలేదురా. బండి తియ్యి."

"పోయేముందు అందరూ ఇదే అంటారు బాబాయ్."

పాల బండివాడు అంబులెన్సుకు ఫోన్ చేశాడు. ట్యాంకరువాడు ఆయన ముఖం మీద నీళ్ళు కొట్టాడు, అదీ ట్యాంకరు గొట్టంతో. నాలుగు రోడ్లలోనూ హారన్లు మొదలయ్యాయి. అంబులెన్సు వచ్చింది గానీ నాలుగో రోడ్డులో బిరడాలా బిగుసుకుపోయింది. ఇక చీమ దూరే సందు లేదు. అంబులెన్సు మనుషులు స్ట్రెచర్ పట్టుకుని నడిచొచ్చి, వద్దు మొర్రో అంటున్న స్తంభాన్ని అడ్డంగా పడుకోబెట్టి బెల్టులు బిగించారు.

ఆయన ఇల్లు వెనక సందులోనే. కబురు నాలుగు నోళ్ళు మారి వెళ్ళింది. భార్య చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చి స్ట్రెచర్ మీద పడింది.

"ఈయన్ని నేనే చంపుకున్నాను. రోజూ కాస్త కాస్తగా చేశాను."

చుట్టూ ఉన్నవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు.

"ఏం చేశావే?" అన్నాడు ఆయన, బెల్టుల కింద నుంచి.

"గీతలండీ. మీ వేళ్ళు ఎక్కడ ఆగినా, ముందటి గీతకి కాస్త పైనే గీసేదాన్ని. మొదటి వారం దాటాక మీ చెయ్యి ఇంచీ కూడా లేవలేదు. ఆ తరువాత కిందికే వచ్చింది. కళ్ళు తెరిచి 'పెరిగిందా' అని చంటిపిల్లాడిలా అడిగేవారు. లేదని చెప్పే నోరెక్కడిది నాకు?"

ఆయనకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఎవరి మీదైనా తెచ్చుకున్నా చెయ్యి లేవదు.

సరిగ్గా అప్పుడే అంబులెన్సు వెనక ఇరుక్కున్న కారులోంచి ఒక పెద్దమనిషి దిగి, మండిపడుతూ వచ్చాడు. "ఎవడయ్యా ఇక్కడ డ్యూటీ? చెయ్యెత్తి బళ్ళు ఆపడం చేతకాదా?" అని వంగి చూసి ఆగిపోయాడు. ఆయనే ఎముకల డాక్టరు.

"చేతకావడం లేదు సార్," అన్నాడు స్తంభం బాబాయ్. "మీరు బిగించిన చెయ్యే ఇది."

డాక్టరు నమ్మక ఆ చేతిని పట్టుకుని తానే ఎత్తబోయాడు. లోపల గరగరమన్న చప్పుడు పక్కనున్న బస్సు డ్రైవరుకు కూడా వినిపించింది. డాక్టరు ముఖం తెల్లబోయింది. చేతిని మెల్లగా, గాజు సామానులా, కిందికి దించాడు.

ఆ మధ్యాహ్నమే కొత్త ఎక్స్‌రే తీశారు. ఎముక తల కాస్త కుంగిపోయి, ఒక స్క్రూ మొన దాన్ని పొడుచుకుని బయటికొచ్చి, కీలు గిన్నెను గీరుతోంది. గోడ పాకిన ప్రతి సాయంత్రమూ అది ఇంకాస్త గీరింది.

"మీరు మొదట చెప్పినప్పుడే తీయించి చూడాల్సింది. తప్పు నాదే," అన్నాడు డాక్టరు, ఎక్స్‌రే వంక కాకుండా మొదటిసారి మనిషి వంక చూస్తూ. "స్క్రూలు తీసేద్దాం. ఎముక తలకి రక్తం కూడా సరిగా అందుతున్నట్టు లేదు. చెయ్యి భుజం ఎత్తు దాకా వస్తే అదృష్టం. అంతకు మించి మాటివ్వలేను."

భుజం ఎత్తు చెయ్యితో ఏ బండీ ఆగదు. మర్నాడు ఆసుపత్రి మంచం దగ్గరికే బళ్ళ దొడ్డి కాగితం వచ్చింది. భార్య చదివి వినిపించింది. ఈసారి ఒక్క అక్షరం కూడా మార్చలేదు. విన్నాక ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆవిడ దుప్పటి సర్ది, తానూ ఆ గోడనే చూస్తూ కూర్చుంది.

శుక్రవారం తొమ్మిదింటికి ఆపరేషన్. ముందురాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వలేదు. పదయింది, పదకొండయింది, డాక్టరు జాడ లేదు. ఇంతలో భార్య ఫోను పట్టుకొచ్చి ఆయన చెవి దగ్గర పెట్టింది. అవతల ఇన్స్పెక్టరు. ఆయన గొంతు వెనక నాలుగు రోడ్ల హారన్లు.

"బాబాయ్," అన్నాడు ఇన్స్పెక్టరు. ఆ పిలుపు ఆయన నోట రావడం అదే మొదటిసారి. "దీపాలు ఇంకా బాగుపడలేదు. నేనే నిలబడ్డాను. రెండు చేతులూ ఎత్తాను, ఒక్కడూ ఆగడు. స్తంభం బాబాయ్ ఏడీ అంటున్నారు. ఆ దొడ్డి కాగితం చించెయ్. కుర్చీ వేయిస్తాను, కూర్చుని చూస్తే చాలు. ముందీ ట్యాంకరును ఎటు పంపాలో చెప్పు."

"రెండు చేతులూ దించండి సార్ ముందు," అన్నాడు స్తంభం బాబాయ్ నీరసంగా. "దించి, పక్కకి తప్పుకోండి."

నర్సు తలుపు తోసుకుని లోపలికొచ్చింది. "కాస్త ఓపిక పట్టండి తాతగారూ. డాక్టరుగారు కూడలిలో ఇరుక్కున్నారట. మీ ఇన్స్పెక్టరుగారే దగ్గరుండి దారి చేస్తున్నారట."

స్తంభం బాబాయ్ ఫోను తీసెయ్యమని భార్యకు సైగ చేశాడు.

"అయితే నాకు అన్నం పెట్టేయండమ్మా," అన్నాడు.