ఇంగ్లీష్ బి.ఏ.కి ఉద్యోగాల కొరత లేదు

చేరిన నెలలోనే ఉద్యోగం దొరికే చదువు కెనడాలో ఒక్కటే ఉంది. అది ఇంగ్లీష్ బి.ఏ.!

నవ్వకండి. కంప్యూటర్లు చదివేవాళ్ళు రెజ్యూమేలు పట్టుకుని కాఫీ షాపు ముందు మంచులో లైన్ కడుతున్న రోజుల్లో, నాకు మాత్రం గదికే వచ్చి ఉద్యోగాలు ఇచ్చి వెళ్ళారు. ఒకటి కాదు, చాలా. జీతాలు మాత్రం ఇంకా దారిలో ఉన్నాయి.

ముందుగా నా అర్హతలు మనవి చేసుకోవాలి. జగ్గయ్యపేట దగ్గర పల్లెలో, జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాను. అక్కడ కోదండరామ్ మాస్టారు మాకు ఇంగ్లీషును చక్కటి తెలుగులో బోధించేవారు. పద్యం చదివి, అర్థం చెప్పి, ఆఖరున కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. ఆ పద్యంలో అంత ఏముందో తెలుసుకోవాలనే నాకు ఇంగ్లీష్ మీద ఆశ పుట్టింది. రాయడం వచ్చింది. మాట్లాడటం రాలేదు. తెలుగులో కూడా పెద్దగా మాట్లాడనులెండి. మాట్లాడాల్సినవన్నీ డైరీలో రాసుకుని పడుకునే రకం.

మిస్సిసాగాలో ఉండే మా మామయ్య విశ్వేశ్వరరావు, అంటే మా అమ్మ తమ్ముడు, నన్ను ఇక్కడికి రప్పించారు. ఆయన ప్లాన్ సింపుల్. "కంప్యూటర్స్‌లో సీటు రాలేదు కాబట్టి ముందు ఇంగ్లీష్‌లో చేరి దిగు. దిగాక సప్లై చైన్ కోర్సుకి మారిపోదువుగాని."

మామయ్య దృష్టిలో ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్ ఒక వెయిటింగ్ హాలు. కాసేపు కూర్చుని, అసలు రైలు రాగానే ఎక్కేయాలి. చిక్కేమిటంటే, మా యూనివర్సిటీ ఉన్న ఒషావాలో దిగిన కొద్దిరోజులకే నాకు ఆ వెయిటింగ్ హాలే నచ్చేసింది. రైలు ఎక్కనని మామయ్యకు చెప్పాలి. చెప్పడానికి నోరు పెగలదు. కోర్సు మారే అప్లికేషన్‌కి గడువేమో దగ్గర పడుతోంది.

ఈలోగా మామయ్య వాళ్ళింట్లో పార్టీలు. ప్రతి పార్టీలోనూ ఒకటే ప్రశ్న. "ఇంగ్లీష్ చదివి ఏం చేస్తావమ్మా?" ఆంజనేయప్రసాద్ అంకుల్ అయితే పకోడీ ప్లేటు పట్టుకుని మరీ అన్నారు: "ఈ దేశంలో అడుక్కునేవాడు కూడా ఇంగ్లీష్‌లోనే అడుక్కుంటాడు. దానికి యూనివర్సిటీ ఎందుకే పిచ్చి తల్లీ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకేం చేస్తాను?

కానీ పాఠకులారా, అంకుల్‌కి తెలియని సంగతి ఒకటుంది. అప్పటికే నేను నాలుగు చేతులా సంపాదిస్తున్నాను! డబ్బు కాదు, పేరు.

మొదటి ఉద్యోగం మా ఇంటి ఓనరు కమలకుమారి ఆంటీ ఇచ్చారు. పైన ఆంటీ వాళ్ళుంటారు, కింద బేస్‌మెంట్‌లో అమ్మాయిలం ఉంటాం. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి, కమలకుమారిగా నేను పోట్లాడాలి. పుట్టిన తేదీ అడిగితే ఆంటీ నా చెవిలో చెప్పారు. చెప్పి, "సంవత్సరం కాస్త మెల్లగా అను, కింద పిల్లలు వింటారు" అన్నారు.

మా సెమినార్‌లో ప్రొఫెసర్ నా వైపు చూస్తే చాలు, బ్యాగులో పెన్ను వెతుక్కుంటాను. చేతిలో పెన్ను ఉన్నా సరే! అలాంటిదాన్ని, కమలకుమారినయ్యేసరికి గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో! "మీ మేనేజర్ని పిలవండి, ఇది మర్యాదగా ఉండదు" అని యాభై దాటిన ఆవిడలా గద్దించాను. మేనేజర్ వచ్చాడు. క్షమాపణ చెప్పాడు. నాకే భయమేసింది.

ఆ దెబ్బతో ప్రమోషన్ వచ్చింది. బేస్‌మెంట్‌లో చేపల పులుసు వాసన పైకి వస్తోందని ఆంటీ నాతో ఘాటైన నోటీసు రాయించి మా తలుపుకి అంటించారు. అది చదివి నా రూమ్‌మేట్ సాత్వికకి కోపం వచ్చింది. "ఎవరే ఈవిడకి ఇంత ఇంగ్లీష్ నేర్పింది? దీనికి రిప్లై నువ్వే రాయాలి" అంది. రాశాను. దానికి ఆంటీ జవాబు రాయమన్నారు. అదీ రాశాను. అలా వారమంతా నన్ను నేను బెదిరించుకుని, నన్ను నేనే నిలదీసి, చివరికి ఇరుపక్షాల తరఫునా రాజీపడ్డాను. పులుసు ఆదివారం మాత్రమే, కిటికీ తీసి పెట్టి. ఏ లా కాలేజీలో నేర్పుతారండీ ఇది?

ఇక అన్నిటికంటే గొప్ప ఉద్యోగం, బాల్యాల తయారీ.

మీకు తెలుసుగా, మనవాళ్ళు ఏ కోర్సుకి అప్లై చేసినా, ఏ పనికి అప్లై చేసినా, దాని మీద చిన్నప్పటి నుంచీ ప్రేమ ఉన్నట్టు రాయాలి. కన్సల్టెన్సీ వాళ్ళు అలా అలవాటు చేశారు. ఊయలలో ఉండగానే డేటా అనలిటిక్స్ మీద మక్కువ! ప్రేమ పుట్టడానికి ఒక బాల్యం కావాలి కదా? అది నా దగ్గర దొరుకుతుంది.

కరీంనగర్ సాయిచరణ్ వచ్చాడు. "చెల్లె, వాన్ అనే ఊర్ల గోడౌన్ పని. జర మంచిగ రాయి" అన్నాడు. నేను అతనికొక తాతయ్యను సృష్టించాను. ఆ తాతయ్యకొక రైస్ మిల్లు. మిల్లులో బస్తాల మీద కూర్చున్న మనవడికి, ప్రతి వస్తువుకీ ఒక చోటు ఉంటుందని తాతయ్య చెప్పడం. చదివి సాయిచరణ్, "నాకు నిజంగ గిట్లాంటి తాత ఉంటె బాగుండు" అన్నాడు.

అతని రూమ్‌మేట్ భీమవరం జయదేవ్‌కి ఆ లెటర్ నచ్చి, పేరు మాత్రం మార్చి అదే గోడౌన్‌కి పంపేశాడు. సూపర్‌వైజర్ ఇద్దర్నీ కలిపి పిలిచాడు. "మీ ఇద్దరి తాతయ్యలకీ ఒకటే రైస్ మిల్లా?"

సాయిచరణ్ తడుముకోకుండా, "కజిన్ బ్రదర్స్, సర్" అన్నాడట.

ఇద్దరికీ ఉద్యోగాలు వచ్చాయి. అన్నదమ్ములని ఒకే షిఫ్ట్ వేశారు. కానీ ఆ సూపర్‌వైజర్ మంచివాడు, రోజూ తాతయ్య ఆరోగ్యం అడుగుతాడు.

"బానే ఉన్నారని రోజూ చెప్పలేక చస్తున్నానండీ. ఇక చంపేద్దామా?" అన్నాడు జయదేవ్.

"అట్లయితె సెలవు గూడ ఇస్తడు!" అన్నాడు సాయిచరణ్.

నేను ఒప్పుకోలేదు. ఎంతో కష్టపడి పెంచుకున్న తాతయ్య!

ఇలా పేరు సంపాదించుకుంటూ ఉండగా, ఒక ఆదివారం మామయ్య ఇంటికి వెళ్ళాను. కనకదుర్గ అత్తయ్య వడ్డిస్తోంది. మామయ్య ముద్ద కలిపి వదిలేశారు. ఆఫీసులో కొత్త మేనేజర్ వచ్చాడట. ఏళ్ళ తరబడి డేటాబేస్ పని చేస్తున్న మామయ్యను తీసి, మీటింగులు పెట్టే టీమ్‌లో వేస్తానంటున్నాడట.

"రేపటి రోజుల్లో గిరాకీ అంతా దానికేనట! గిరాకీ ఎవడికి కావాలే? నాకు నా పని ఇష్టం. ఒక్క మాట నన్ను అడిగాడా?" అన్నారు మామయ్య. తర్వాత నా వైపు చూసి, "నీ ఇంగ్లీష్ ఎలాగూ ఖాళీగానే ఉందిగా. ఒక మెయిల్ రాసిపెట్టు" అన్నారు.

రాశాను. "రేపటి గిరాకీ పేరు చెప్పి, ఇవాళ మనసు పెట్టి చేస్తున్న పనిలోంచి మనిషిని లేపి వేరే కుర్చీలో కూర్చోబెడితే, మీకొక మంచి ఉద్యోగి పోయి ఒక మామూలు ఉద్యోగి మిగులుతాడు. నిర్ణయించే ముందు నాకేం ఇష్టమో ఒక్కసారి అడగండి." ఇదీ దాని సారాంశం.

మామయ్య చదివారు. మళ్ళీ చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

మేనేజర్ మనసు మార్చుకున్నాడు. మామయ్య నాకు ఫోన్ చేశారు. "ఎంత బాగా రాశావే! నా మనసులో దూరి రాసినట్టుంది. ఇంత తెలివి పెట్టుకుని ఆ ఇంగ్లీష్‌లో పడి వేస్ట్ అయిపోతున్నావు. సప్లై చైన్ అప్లికేషన్ శుక్రవారం లోపల పెట్టెయ్."

పెద్దల మాట వినాలి కదా. అప్లికేషన్ తెరిచాను. ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారని అడిగింది. ఊళ్ళోవాళ్ళందరికీ బాల్యాలు పంచిపెట్టినదాన్ని, నాకొకటి దొరక్కపోతుందా అని కూర్చున్నాను. దొరకలేదు! ఎక్కడ వెతికినా కోదండరామ్ మాస్టారే కనిపిస్తున్నారు. ఆయనకు రైస్ మిల్లు లేదు.

అందుకని జయదేవ్ పద్ధతి పాటించాను. మామయ్య మేనేజర్‌కి పంపిన మెయిల్ తీసి, మేనేజర్ ఉన్నచోట మామయ్యను, డేటాబేస్ ఉన్నచోట ఇంగ్లీషును, ఉద్యోగి ఉన్నచోట విద్యార్థిని పెట్టి, మామయ్యకే పంపాను.

సాయంత్రం ఫోన్ వచ్చింది.

"ఎవరు రాసిచ్చారే నీకిది?"

"మీదే, మామయ్యా. మొన్న ఆదివారంది."

వెనక నుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "ఏంటటండీ?"

"ఏం లేదు. నా కళ్ళజోడు తుడిచే గుడ్డ ఎక్కడ పెట్టావ్?" అన్నారు మామయ్య. తర్వాత ఫోన్‌లోకి, "సరేలే, అక్కడే ఏడువు. ఆ ఫారం పెట్టకు" అన్నారు.

చూశారా, ఇంగ్లీష్ చదివితే ఎన్ని ఉపయోగాలో! అందరి తరఫునా మాట్లాడవచ్చు. మన తరఫున మాట్లాడుకోవాలంటే మాత్రం ఇంకొకరి మెయిల్ అరువు తెచ్చుకోవాలి. నీకేం ఇష్టమని ఎవరూ అడగని పిల్లకి జవాబు చెప్పడం ఎక్కడ అలవాటవుతుంది?

నిన్న ఆంజనేయప్రసాద్ అంకుల్ ఫోన్ చేశారు. గొంతు తగ్గించి, "అమ్మాయ్, మా పిల్ల అనన్య యూనివర్సిటీలో ఇంగ్లీష్ చదువుతానంటోంది. వద్దే అని చెప్తే దానికి తెలుగు అర్థం కాదు, నా ఇంగ్లీష్ వింటే నవ్వుతుంది. ఇంగ్లీష్ చదివితే పనికిరాదని, కాస్త బలంగా, మంచి ఇంగ్లీష్‌లో నా తరఫున ఒక లెటర్ రాసిపెట్టమ్మా" అన్నారు.

అనన్యకు తప్పకుండా రాస్తానన్నాను.

రాస్తున్నాను కూడా. ఈసారి మాత్రం కింద సంతకం నాది.