తలా సగం చుట్టు

ఆ రోజు ఉదయం లైబ్రేరియన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు నిద్ర లేవాలి. వరండాలో ఉన్న మోటారుసైకిల్ పక్కన చప్పుడు కాకుండా కూర్చోవాలి. కార్బురేటర్ పక్కనున్న ఇత్తడి స్క్రూని సగం చుట్టు ఎడమకు తిప్పాలి. ఏమీ ఎరగనట్టు స్నానానికి వెళ్లిపోవాలి. జీవితమంతా పుస్తకాల మధ్య గడిపినవాడు కాబట్టి తన పథకంలో అచ్చుతప్పు లేదని అతని నమ్మకం. అచ్చుతప్పులు అచ్చయ్యాకే కనపడతాయన్న సంగతి ఆ హడావిడిలో మరిచిపోయాడు.

పదింటికి భార్యకి మోటారుసైకిల్ లైసెన్స్ పరీక్ష. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఆమె సూది గుచ్చితే పసిపిల్లలు కూడా ఏడవడం మరిచిపోతారు. అలాంటిది బండి పరీక్షలో మాత్రం రెండుసార్లు తనే ఏడ్చినంత పనైంది. మొదటిసారి మలుపులో కాలు నేలకి ఆనింది. రెండోసారి ఆమె తప్పేమీ లేదు. సైలెన్సర్ తుప్పుపట్టి బెజ్జం పడిందని ఇన్‌స్పెక్టరు బండిని చూడగానే వెనక్కి పంపేశాడు. మూడోసారీ తప్పితే మళ్లీ చాలాకాలం దాకా రానివ్వరు. ల్యాబు యజమాని అంతకాలం ఆగే మనిషి కాదు.

"అమ్మా, నీ చెయ్యి బంగారం," అన్నాడాయన ముందురోజు పొద్దున. "కానీ ఆ బంగారం ఇంటింటికీ వెళ్లి రక్తం తేవాలి కదా. రేపు సాయంత్రానికి లైసెన్స్ చూపించు. లేకపోతే లైసెన్స్ ఉన్న ఇత్తడి దొరికినా సర్దుకుంటాను."

అందుకే లైబ్రేరియన్ అదే రోజు కొత్త సైలెన్సర్ కొన్నాడు. బండి పాతది, కంపెనీ సరుకు దొరకలేదు. దుకాణదారు వేరే ఎవరో చేసిన తళతళలాడే గొట్టం చేతిలో పెట్టి, "దీంట్లోంచి పొగ తేలిగ్గా పోతుందండీ. పొగ తేలిగ్గా పోతే ఇంజను గాలి ఎక్కువ లాగుతుంది. గాలి పెరిగినప్పుడు పెట్రోలు కూడా కాస్త పెంచాలి. కార్బురేటర్ మీద స్క్రూ ఉంటుంది, ఎడమకి కొంచెం తిప్పి చూసుకోండి," అని చెప్పాడు.

లైబ్రేరియన్ దాన్ని ఇంటికి తెచ్చి తనే బిగించాడు. పొట్లంలో ఒక రాగి ఉంగరం కూడా వచ్చింది. కొన్నవాళ్లకి కానుకగా ఇచ్చారని మురిసిపోయి, ఎర్రదారంతో బండి తాళాన్ని దానికి కట్టి భార్య చేతిలో పెట్టాడు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, "మీరు చేసిన పనుల్లో ఇదొక్కటి బాగుందండీ," అంది. ఆ ఇంట్లో అతనికి పొగ తప్ప పొగడ్త దొరకడం అరుదు. ఆ మాట గుండెలో దాచుకున్నాడు.

తీరా బండి స్టార్ట్ చేస్తే చెవులు మూసుకోవాల్సి వచ్చింది. వేగం తగ్గించినప్పుడల్లా గొట్టంలోంచి టపటపా పేలుళ్లు. ఊరికే నిలబెడితే రెండుసార్లు ఎగశ్వాస తీసి ఆగిపోవడం. లైబ్రరీలో గుసగుసకి కూడా కళ్లెర్రజేసే మనిషి ఇంటికి ఉరుముని కొనుక్కొచ్చాడు. పేరుకి సైలెన్సర్, తీరుకి వయొలెన్సర్.

ఇంతవరకూ జరిగింది పొరపాటు. అసలు పొరపాటు భోజనాల దగ్గర జరిగింది. దుకాణదారు చెప్పిన స్క్రూ సంగతి అతను అందరికీ వినపడేలా చెప్పాడు.

ఆ ఇంట్లో ఎవరూ దేన్నీ పాడుచేయరు. అందరూ బాగుచేస్తారు. అయితే చెప్పకుండా చేస్తారు. ఒకసారి కూరలో ఉప్పు లేదని లైబ్రేరియన్ వేశాడు. లేదని వాళ్లమ్మ వేసింది. లేదని అతని తమ్ముడు వేశాడు. ఆ కూర తిన్నాక ఇంట్లో మంచినీళ్ల కుండ ఖాళీ అయింది, కూర గిన్నె మాత్రం నిండుగానే ఉంది. ఆ రోజునుంచి భార్య ఒక పద్ధతి పెట్టింది. ఉప్పు వేసినవాళ్లు మూత మీద చెంచా బోర్లించాలి. పద్ధతి బాగానే ఉంది. కానీ స్క్రూకి మూత ఉండదు, మీద బోర్లించడానికి చెంచా ఉండదు.

"రేపు పొద్దున నేనే చూస్తాను. ఎవరూ దాన్ని ముట్టుకోకండి," అంది భార్య.

ముగ్గురూ బుద్ధిగా తలూపారు. ఆ ఇంట్లో తలూపడమంటే మాట వినపడిందని అర్థం, విన్నామని కాదు.

తెల్లారింది. లైబ్రేరియన్ పథకం ప్రకారం సగం చుట్టు తిప్పి స్నానానికి వెళ్లాడు. అతను ఒంటికి సబ్బు రాసుకుంటున్నప్పుడు, ఊళ్లో సగంమందికి కుట్టుపని నేర్పిన వాళ్లమ్మ వరండాలోకి వచ్చింది. దారం బిగువు సరిచేసినట్టే ఇదీనని, కుట్టుమిషను స్క్రూడ్రైవర్‌తో ఇంకో సగం చుట్టు తిప్పింది. ఆవిడ అటు వెళ్లగానే కోచింగు సెంటర్‌లో కెమిస్ట్రీ చెప్పే తమ్ముడు ఇటు వచ్చాడు. గాలికీ ఇంధనానికీ ఉండాల్సిన నిష్పత్తి తలుచుకుని, జేబులోంచి నాణెం తీసి, అతనూ సగం చుట్టు తిప్పాడు. ఈ సంగతులన్నీ లైబ్రేరియన్‌కి తర్వాత తెలిశాయి. కొన్ని సంగతులు తర్వాత తెలియడం వల్లే కొంపలు మునుగుతాయి.

భార్య తెల్లబట్టలు కట్టుకుని, తాళంతో వచ్చి బండిని తన్నింది. బండి దగ్గింది. మళ్లీ తన్నింది. ఈసారి వెనకనుంచి నల్లటి పొగ, వంటశాల గొట్టంలోంచి వచ్చినట్టు, గుప్పున వచ్చి వరండా నిండింది. పొగ తేలేసరికి తెల్లబట్టలు బూడిదరంగులో ఉన్నాయి. బండి ఆఖరుసారి వెక్కి ఆగిపోయింది.

"ఎవరు ముట్టుకున్నారు?" అంది ఆమె, చాలా మెల్లగా. ఆమె గొంతు ఎంత తగ్గితే ప్రమాదం అంత పెద్దది.

"పెట్రోల్లో ఏదో కలిపుంటారే అమ్మాయ్," అంది అత్తగారు. "ఈ కాలంలో దేన్నని నమ్ముతాం."

"ముట్టుకోవడమంటే నిర్వచనం ఏమిటి వదినా," అన్నాడు మరిది.

"పొద్దున్నే చలిగా ఉంది కదా, బండికి జలుబు చేసుంటుంది," అన్నాడు భర్త.

ఆమె ముగ్గురినీ వరసగా చూసింది. నరం దొరకని చేతులకేసి చూసినట్టు చూసి, "ప్లగ్గు మసి పట్టుంటుంది, తీసి తుడవండి. బట్టలు మార్చుకొస్తాను. ఇంకేమీ చెయ్యొద్దు," అని లోపలికి వెళ్లింది.

లైబ్రేరియన్ ప్లగ్గు తీశాడు. కాటుక డబ్బాలో ముంచినట్టుంది. 'నా సగం చుట్టే ఇంత పని చేసింది' అనుకున్నాడు. వాళ్లమ్మని గుడ్డపీలిక కోసం పంపి, తమ్ముణ్ణి గరుకు కాగితం కోసం పంపి, ఇద్దరూ తిరిగొచ్చేలోగా స్క్రూని సగం చుట్టు వెనక్కి తిప్పేశాడు. ప్లగ్గు తుడిచి బిగించి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. ఆ చేతులకి మసి వదిలేలోగా వరండాలో మరో రెండు జతల చేతులకి పాపభీతి పుట్టి, మరో రెండు సగం చుట్లు వెనక్కి తిరిగాయి.

బండి స్టార్టయింది. పొగ లేదు. టపటపలు మాత్రం నిన్నటిలాగే ఉన్నాయి. నిలబెడితే ఆగిపోతోంది.

"టైమైపోతోంది, పదండి," అని ఆమె వెనక ఎక్కింది. అత్తగారూ మరిదీ ఆటోలో వస్తామన్నారు. ధైర్యం చెప్పడానికట.

దారిలో ప్రతి కూడలిలోనూ బండి ఆగింది. ఆగిన ప్రతిచోటా లైబ్రేరియన్ తన్నాడు, వెనకవాళ్లు తిట్టారు. తన్నులూ తిట్లూ సమానంగా పంచుకుంటూ సరిగ్గా లైబ్రరీ ముందుకి వచ్చారు. 'నిశ్శబ్దం పాటించండి' అని అతనే స్వయంగా రాయించిన బోర్డు కింద బండి టపా టపా టప్ అని మూడుసార్లు పేలింది. లోపల పేపరు చదివే పెద్దమనుషులంతా కిటికీల దగ్గరికి వచ్చారు. వాళ్లలో చాలామందిని అతను దగ్గినందుకు కసిరినవాడే. లైబ్రేరియన్ హెల్మెట్ అద్దం కిందికి దించుకున్నాడు.

భుజం మీద భార్య చెయ్యి బిగిసింది. "ఏవండీ, నిజం చెప్పండి. మీరు స్క్రూ తిప్పారా?"

తిప్పాడు. మళ్లీ వెనక్కి తిప్పేశాడు. మొత్తం మీద తిప్పనట్టే. "లేదే," అన్నాడు. లెక్కప్రకారం అందులో అబద్ధం లేదు.

"ఈ ఉద్యోగం పోతే నాకు మళ్లీ ఇలాంటిది దొరకదండీ," అంది ఆమె. అతనికి ఆ మాట బండి చప్పుడు కన్నా గట్టిగా వినపడింది.

పరీక్ష మైదానంలో ఇద్దరు ముందున్నారు. ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూర్చుని ఈల నోట్లో పెట్టుకుని, ఎవరు కాలు ఆనిస్తారా అని ఎదురుచూస్తున్నాడు. సున్నం గీతలతో ఎనిమిది అంకె గీసి ఉంది. దాని మీద నెమ్మదిగా తిరగాలి. కాలు ఆనకూడదు, ఇంజను ఆగకూడదు. మొదటి కుర్రాడు తిరిగాడు, కాలు ఆనించాడు. ఈల మోగింది.

భార్య నీళ్లు తాగడానికి వెళ్లింది. ఇదే సమయమని లైబ్రేరియన్ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి వంగాడు. కుడివైపునుంచి ఇంకో చెయ్యి వచ్చింది, అందులో కుట్టుమిషను స్క్రూడ్రైవర్ ఉంది. ఎడమవైపునుంచి మరో చెయ్యి వచ్చింది, అందులో నాణెం ఉంది. మూడు చేతులూ స్క్రూ దగ్గర కలుసుకున్నాయి.

"అమ్మా, నువ్వు కూడానా?"

"నేను పొద్దునే తిప్పానురా. మళ్లీ పొగ చూసి భయపడి వెనక్కి తిప్పేశా."

"నేనూ అంతే అన్నయ్యా."

"అంటే అందరం కలిసి..."

"సున్నా," అంది వెనకనుంచి భార్య. ఆమె చేతిలో నీళ్ల గ్లాసు ఉంది. "పొద్దున్నుంచి ముగ్గురూ కలిసి చేసింది గుండుసున్నా. బండి నిన్న ఎక్కడుందో అక్కడే ఉంది. నా టైము మాత్రం లేదు."

మైదానంలో రెండో ఈల మోగింది. ఇంకొకరు తప్పారు.

ఆమె గ్లాసు అత్తగారికిచ్చి బండి పక్కన కూర్చుంది. "ఒక్కసారి స్టార్ట్ చేసి పట్టుకోండి. ఆగనివ్వకండి," అంది. పేలుళ్లు ఎక్కడివో చెవితో వింది, చెవి చాలలేదు. అప్పుడు రోగి మోచేతి మడతలో నరం వెతికినట్టు, వేళ్లు తగలకుండా గొట్టం వెంబడే చెయ్యి జరుపుకుంటూ వెళ్లింది. ఇంజనూ సైలెన్సరూ కలిసేచోట ఆమె చెయ్యి ఆగింది.

"ఇక్కడ నాడి కొట్టుకుంటోంది," అంది. "గాలి బయటికి ఊదుతోంది. ఇటునుంచి లోపలికీ లాగుతోంది. ఇక్కడే పేలుతోందండీ. ఈ రెంటికీ మధ్య ఏదో రావాలి, అది లేదు."

"ఏం రావాలి?" అన్నాడు లైబ్రేరియన్.

"చుట్టూ పట్టి ఉంచేది. గుండ్రంగా, ఉంగరంలా..."

ఆమె మాట ఆగిపోయింది. చూపు మెల్లగా తాళం దగ్గరికి వెళ్లింది. ఎర్రదారానికి రాగి ఉంగరం, ఎండలో మిలమిలా మెరుస్తూ ఊగుతోంది. నలుగురూ దాన్నే చూశారు. తన జన్మలో దొరికిన ఒకే ఒక్క మెప్పు అలా గాలికి ఊగడం చూస్తూనే లైబ్రేరియన్ ఎర్రదారం ముడి విప్పాడు.

"తర్వాత ఎవరు? మీరేనా?" అని ఇన్‌స్పెక్టరు పిలిచాడు.

"అయ్యా, నేను ఆఖర్న వస్తాను," అంది ఆమె.

"మీ వెనక ఒక్కరే ఉన్నారు. ఆయన అయిపోతే నేను లేస్తాను. ఆపైన మీ ఇష్టం."

అప్పటిదాకా బద్ధశత్రువుల్లా పనిచేసిన చేతులు మొదటిసారి ఒక్కచోట పనిచేశాయి. లైబ్రేరియన్ తడిరుమాలుతో వేడి గొట్టాన్ని పట్టుకుని నట్లు విప్పాడు. చెయ్యి జారి ఒక నట్టు గడ్డిలో పడింది. "కదలకండి," అంది వాళ్లమ్మ. గచ్చు మీద పడిన సూదుల్ని ఏరిన కళ్లు అవి, ఇట్టే పట్టేశాయి. తమ్ముడు గొట్టం ఎత్తిపట్టుకుని, "వేడికి లోహం వ్యాకోచిస్తుంది వదినా, అందుకని..." అని మొదలెట్టాడు.

"ఒరేయ్, నువ్వు నోరు సంకోచించు," అంది వాళ్లమ్మ.

మైదానంలో ఆఖరాయన ఎనిమిదిలో మొదటి సున్నా దాటాడు. ఉంగరం లోపల కూర్చుంది. నట్లు బిగిశాయి. భార్య భర్త చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుంది.

"ఇప్పుడు నేను తిప్పుతున్నాను. ఎడమకి. పావు చుట్టు. ముగ్గురూ విన్నారా?"

"విన్నాం," అన్నారు ముగ్గురూ. ఈసారి నిజంగానే విన్నారు.

బండి స్టార్టయింది. టపటపలు లేవు. గంభీరంగా, మనసు కుదుటపడ్డ మనిషిలా గుడుగుడుమంటోంది. నిలబెట్టినా ఆగలేదు. ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి సగం లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు.

ఆమె గీత మీదికి వెళ్లింది. మొదటి మలుపు తిరిగింది. రెండో మలుపు బిగువైనది, మొదటిసారి కాలు ఆనింది అక్కడే. ఇంజను గొంతు తగ్గింది. ఆమె ఎడమకాలు నేలకేసి దిగింది, ఇంకా దిగింది. ఈల ఇన్‌స్పెక్టరు పెదాల మధ్యకి వెళ్లింది. లైబ్రేరియన్ కళ్లు మూసుకున్నాడు. ఏ చప్పుడూ వినపడలేదు, గుడుగుడు తప్ప. కళ్లు తెరిచేసరికి కాలు పైకి వెళ్లిపోయింది, బండి గీత దాటి తిన్నగా వస్తోంది.

"పాస్," అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఈల జేబులో పెట్టుకుంటూ. మైదానంలో ఆ రోజు అతనికి ఆ మాటతో పడ్డ పని అదొక్కటే.

ఆమె వచ్చి భర్త ముందు చెయ్యి చాపింది. స్క్రూడ్రైవర్ కోసం కాదు, తుడుచుకోవడానికి రుమాలు కోసం. తర్వాత అత్తగారి స్క్రూడ్రైవరూ, మరిది నాణెమూ అడిగి తీసుకుని సంచిలో వేసుకుంది. "ఇకమీదట ఈ ఇంట్లో ఏం చేసినా చెప్పి చెయ్యాలి," అంది. ముగ్గురూ తలూపారు.

ఇంటికొచ్చాక ఆమె వరండాలో నిలబడి ల్యాబు యజమానికి ఫోన్ చేసి శుభవార్త చెప్పింది. తర్వాత వంటింట్లోకి వచ్చి చూస్తే కూర గిన్నె మూత మీద చెంచా లేదు. పొద్దుటి హడావిడిలో ఎవరూ ఉప్పు వేయలేదన్నమాట. "చెప్పి చెయ్యడమంటే ఇలాగ. ఉప్పు వేస్తున్నాను," అని అందరికీ వినపడేలా చెప్పి, వేసి, మూత పెట్టి, చెంచా బోర్లించింది.

ఆమె ఫోన్లో ఉన్నప్పుడు ఒక్కొక్కరే వంటింట్లోకి వెళ్లొచ్చిన ముగ్గురూ గోడకేసి చూశారు.

ఆ పూట అందరూ మంచినీళ్లతోనే భోంచేశారు.