ఇరవై మూడో అక్షరం కాడ హైదరాబాద్

కంప్యూటర్ వచ్చాక ఆఫీసుల్లో న్యాయం పెరిగింది! నమ్మరా? అయితే తార్నాక పక్కనున్న క్యాంపస్‌లో హాస్టల్ ఆఫీసుకు ఓసారి వెళ్లి రండి. పూర్వం అక్కడ ప్రతి దరఖాస్తునూ ఒక మనిషి కూర్చుని చదివేవాడు. ఎంత మోటు పద్ధతి! చదివితే అర్థమవుతుంది, అర్థమైతే జాలి కలుగుతుంది, జాలి కలిగితే ఆఫీసు నడుస్తుందా?

తొంభై ఏడులో ఆ పీడ వదిలింది. సూపరింటెండెంట్ దయాకర్ గారి బల్ల మీదికి కంప్యూటర్ వచ్చింది. పిల్లల పేరు, తండ్రి పేరు, చిరునామా అన్నీ స్ప్రెడ్‌షీట్‌లో ఒకే గడిలో వరసగా కొట్టించి, ఆయన ‘ఫైండ్’ అనే ఫంక్షన్ నేర్చుకున్నారు. హైదరాబాద్ అన్న మాట ఇస్తే, అది ఆ గడిలో ఎన్నో అక్షరం దగ్గర మొదలవుతుందో అంకె చెబుతుంది. లేకపోతే ఎర్రర్ చూపిస్తుంది. నగరంలో ఇల్లున్నవాళ్లకు హాస్టల్ లేదన్నది రూలు కదా! అంకె వస్తే లోకల్, రూము లేదు. ఎర్రర్ వస్తే పరాయి ఊరు, రూము ఇచ్చేయొచ్చు.

ఇంత చక్కటి ఏర్పాటులోకి మిర్యాలగూడ నుంచి భాగ్య ఇనప్పెట్టెతో దిగింది. ఎమ్మెస్సీలో సీటొచ్చింది. హాస్టల్ దొరికితేనే చదువు, లేకపోతే ఇంటికి వచ్చేయమని నాయన లక్ష్మయ్య ముందే చెప్పి పంపాడు. తీరా చూస్తే నోటీసు బోర్డు మీద ఆమె పేరు లేదు.

“సార్, మాది మిర్యాలగూడ. గీడ మాకెవ్వరు లేరు.”

దయాకర్ గారు స్క్రీను ఆమె వైపు తిప్పారు. “లేరంటే ఎట్లమ్మా? ఇరవై మూడో అక్షరం కాడ హైదరాబాద్ ఉన్నది.”

“అది మా బజారు పేరు సార్! హైదరాబాద్ రోడ్డు, మిర్యాలగూడ!”

“గదంతా కంప్యూటర్‌కు ఎరుక లేదు. ఉన్నదా, లేదా? ఉన్నది. ఇంకేంది?”

భాగ్యకు ఒళ్లు మండిపోయింది. రూములు దొరికినవాళ్ల లిస్టు బోర్డు మీద చూసే వచ్చింది మరి! అందులో లాలాపేట్ పిల్లలున్నారు, తార్నాక పిల్లలున్నారు, వాళ్లలో ఈ సూపరింటెండెంట్ గారి అబ్బాయీ ఉన్నాడని బోర్డు దగ్గరే ఎవరో అన్నారు. గేటు దాటితే ఇల్లు, అమ్మ కేకేస్తే వినబడుతుంది. కానీ వాళ్ల చిరునామాల చివర సికింద్రాబాద్ అని ఉంటుంది. పాపం, ఎంత దూరాభారం!

“మరి తార్నాకల ఉండే మీ బాబుకు రూము ఎట్లొచ్చింది సార్?”

“మావోనికి ఎర్రర్ వచ్చింది!” అన్నారు దయాకర్ గారు, ఫస్ట్ ర్యాంకు వచ్చినంత గర్వంగా.

ఆ సాయంత్రమే భాగ్య మిర్యాలగూడ బస్సెక్కింది. ఇంటి ముందు నాయన ఎదురొచ్చి పెట్టె అందుకున్నాడు.

“రూమియ్యలేదా బిడ్డా?”

“లేదు నాయినా. మనం హైదరాబాద్‌లనే ఉంటున్నమంట.”

“గట్లనా? అయితే రేపటి సంది ఇంటికాడికెల్లి నడుచుకుంట పోయిరా!”

నవ్వించబోయాడు లక్ష్మయ్య. భాగ్య అరుగు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. వారం తిరక్కుండా ఆ ఎమ్మెస్సీ సీటు ఇంకెవరికో పోయింది.

యంత్రాన్ని తిట్టకండి. అడిగింది వెతికిపెట్టింది, అంతే. ఇల్లెక్కడమ్మా అని ఒక్క మాట అడిగితే రూము ఇవ్వాల్సి వస్తుందని భయపడే మనిషికి ఇంతకంటే వరం ఏముంటుంది చెప్పండి!